నిష్ఠూరం

"గురువారం రమ్మంటా ఉండారు" అని హుస్సేన్ సాహెబ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఎవరికి చెప్పాడో తెలియలేదు. కొడుకు కలీం గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. భార్య బీజాన్ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. కోడలు షాహనా స్కూలు సంచి భుజాన వేసుకుని గడప దగ్గర ఆగిపోయింది.

కంపెనీవాళ్ళు కొడుకును వదిలి తండ్రికి ఫోన్ చేశారంటే, కొడుకు ఫోను ఎత్తడం మానేశాడన్నమాట.

"ఏమన్నారు మామా?" అని షాహనాయే అడిగింది.

ఎంక్వయిరీ గురువారం పెట్టారని, హెచ్ఆర్ ఆఫీసరు పద్మనాభయ్య స్వయంగా మాట్లాడాడని ఆయన చెప్పాడు. మర్యాదగానే మాట్లాడాడట. మీ అబ్బాయి రాసిచ్చిన సంజాయిషీలో ఉన్న మాటకే కట్టుబడి ఉంటాడా, మార్చుకుంటాడా, అది ఆలోచించుకుని రమ్మన్నాడట.

"ఏ మాట?" అంది బీజాన్.

 కలీం చెప్పులు వేసుకుని షాహనా పక్కనుంచి, ఆమె కొంగు కూడా తగలకుండా తప్పుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. సస్పెండ్ అయిన దగ్గర్నుంచీ పగలంతా తండ్రి వలల దుకాణంలోనే కూర్చుంటున్నాడు.

"నువ్వేం చేస్తావులేమ్మా. స్కూలుకు టైమవతా ఉంది, పో" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

ఇంట్లో అందరూ ఆమెతో అదే మాట అంటున్నారు. నువ్వేం చేస్తావులే. భోజనాల దగ్గర బీజాన్ మామూలుకంటే ఎక్కువ కూర వడ్డిస్తోంది. ఎవరింటికో చుట్టపు చూపుగా వచ్చినదానిలా ఉంది షాహనాకి. ఒక్కరైనా గట్టిగా కేకలేస్తే తిరిగి ఈ ఇంటిమనిషి అయిపోవచ్చు అనిపిస్తోంది.

తప్పు ఆమెదేనని అందరికీ తెలుసు.

తడ దగ్గర కార్లకు వైర్లు కట్టలు కట్టి పంపే ఆ కంపెనీలో కలీం లైన్ సూపర్‌వైజరు. ఒక మధ్యాహ్నం అతని లైనులో పనిచేసే చెంచులక్ష్మి అనే అమ్మాయి అందరి ముందూ ఏడ్చి, ఆ పూట పని మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయింది. ఏం జరిగిందో ఇంగ్లీషులో రాసివ్వమన్నారు పైవాళ్ళు. కలీంకు మిషన్ల పేర్లకు సరిపడా ఇంగ్లీషే వచ్చు. రాత్రి ఇంటికొచ్చి భార్యకు కాగితం ఇచ్చాడు. "వైరు కట్టల్ని పరీక్ష చెయ్యకుండానే సరిగ్గా ఉన్నట్టు ముద్రలేసింది, అందుకు తిట్టినానని రాయి" అన్నాడు.

షాహనా పదేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది. తిట్టాను అంటే స్కోల్డ్ అని రాయాలి. పెన్ను అక్కడ ఆగింది. స్కోల్డ్ అనేది తల్లి పిల్లల్ని చేసేది, మేస్త్రీ కూలీలను చేసేది. తన భర్త అలాంటివాడిగా ఆ ఆఫీసులో కనిపించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మందలించాను అనే అర్థంలో రెప్రిమాండ్ అని రాసింది. హుందాగా ఉంది. బాధ్యత తెలిసిన ఉద్యోగి చేసే పనిలా ఉంది.

ఆ కంపెనీ రూల్సులో రెప్రిమాండ్ అంటే శిక్ష. విచారణ జరిపి, మేనేజరు సంతకంతో, సర్వీసు రికార్డులో ఎక్కించే శిక్ష. సూపర్‌వైజరుకు ఆ అధికారం లేదు. లేని అధికారం చేతుల్లోకి తీసుకుని ఒక ఆడపిల్లను అందరి ముందూ శిక్షించానని కలీం తానే ఒప్పుకుని సంతకం పెట్టినట్టయింది.

సస్పెన్షన్ తెచ్చుకున్న సాయంత్రం అతను ఒక్కటే అడిగాడు. "అది నేను చెప్పిన మాటేనా?"

"దానికి దగ్గర మాటే" అంది షాహనా.

అతను తలూపి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతే ఎత్తలేదు. ఏ సంగతీ ఎత్తలేదు.

*

స్టాఫ్‌రూములో ఫ్లోరా టీచర్ ఒక్కతే ఉంది. షాహనాకంటే ముందు నుంచీ ఆ స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న మనిషి, ఈ ఏడాదితో రిటైరవుతోంది. ఎదురుగా కూర్చోమని ఫ్లాస్కులో టీ సగం పోసిచ్చింది.

షాహనా అంతా చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది. గురువారం ఏ మాట చెబితే ఉద్యోగం నిలబడుతుందో తెలియడం లేదంది.

ఫ్లోరా కప్పు కింద పెట్టింది. తర్వాత, "ఇంతకీ ఆయన ఆ పిల్లతో తెలుగులో ఏమన్నాడు?" అని అడిగింది.

  భర్త ఏమన్నాడో షాహనా అడగనే లేదు. తిట్టానన్నాడు, ఆమె దాన్ని అనువాదం చేసింది, అంతే.

"అడగలేదు" అంది.

ఫ్లోరా ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడమే షాహనాకు గుచ్చుకుంది.

"మన హెడ్మాస్టరు రేపు నన్ను రెప్రిమాండ్ చెయ్యొచ్చు. ఆయన పైన ఉండాడు, నేను కింద ఉండాను. అంతవరకే కావాల దానికి. రెప్రోచ్ చెయ్యమను చూద్దాం. చెయ్యలేడు. నేను తప్పు చేస్తే ఆయన మనసు నొచ్చుకోదు. ఆయనకు నేనేమవుతానని?" అంది ఫ్లోరా.

"రెప్రోచ్ అంటే నిష్ఠూరం" అంది షాహనా తనలో తాను.

"అదే. మన అనుకున్నోళ్ళనే అంటాం. 'నువ్వు ఇట్ట చేస్తావనుకోలా' అంటాం. దానికి పదవి అక్కర్లా." ఫ్లోరా ఫ్లాస్కు మూత బిగించింది. "మా ఆయన పోయినాక నన్ను నిష్ఠూరమాడేవాళ్ళు లేకుండా పోయినారు. ఫోన్ చెయ్యలేదేమని గానీ, కూరలో ఉప్పెందుకు మరిచిపోయినావని గానీ అడిగేవాళ్ళు లేరు. అందరూ బో మర్యాదగా ఉంటారు."

బెల్లు కొట్టారు. ఇద్దరూ లేచి ఎవరి క్లాసుకు వాళ్ళు వెళ్ళారు.

ఆ సాయంత్రం దుకాణం మూసి వచ్చిన కలీంకు మంచినీళ్ళిస్తూ, ఆ రోజు ఆ అమ్మాయితో ఏమన్నారని అడిగింది షాహనా. అతను నీళ్ళన్నీ తాగి, గ్లాసు ఆమె చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాడు.

"గుర్తు లేదు" అన్నాడు.

గుర్తుండీ లేదనే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎంతమంది పిల్లలు క్లాసులో ఆమె ముందు నిలబడి ఆ మాట చెప్పలేదు!

*

ఆదివారం షాహనా సూళ్లూరుపేటలో చెన్నై వైపు వెళ్ళే లోకల్ రైలెక్కి తడలో దిగింది. మార్కెట్టు పని ఉందని ఇంట్లో చెప్పింది. ఏం కొనాలని బీజాన్ అడగలేదు.

చెంచులక్ష్మి ఎక్కడ ఉంటుందో కంపెనీ బస్సు ఎక్కే అమ్మాయిల్ని అడిగితే చెప్పారు. ఒక మేడ మీద రేకుల షెడ్డును గదులుగా చేసి అద్దెకిచ్చారు. తాడు మీద కంపెనీ నీలం కోట్లు ఆరేసి ఉన్నాయి. ఇంకా పాతికేళ్ళు నిండని, బక్కపలచని పిల్ల, గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. షాహనా పేరు చెప్పగానే దువ్వెన అలాగే తలలో ఉంచి లేచి నిలబడింది.

"రా వదినా" అంది.

ఆ పిలుపు షాహనా ఊహించలేదు. లోపల చాప పరిచింది. తోటి అమ్మాయిలు ఇద్దరు చెప్పకుండానే బయటికి వెళ్ళారు.

తను ఫిర్యాదు ఇవ్వలేదని మొదట చెప్పింది చెంచులక్ష్మి. ఎవరు అడిగినా ఇవ్వనంది. ఏడుస్తూ వెళ్ళిపోవడం చూసి పైవాళ్ళే పట్టించుకున్నారని, ఆ రోజు ఏడవకుండా ఉండి ఉంటే అన్నకు ఈ గతి పట్టేది కాదని, ఆ బాధతో అన్నం నోట్లోకి పోవడం లేదని చెప్పింది. తప్పు కూడా ఒప్పుకుంది. పక్క సీటు అమ్మాయికి జ్వరం వస్తే, ఆమె కట్టల మీద పరీక్ష చేయకుండానే తాను ముద్రలు వేసింది.

"అందుకని తిట్టాడా?"

"తిట్టలా వదినా. తిట్టుంటే బాగుండేది. దులిపేసుకుని మళ్ళా పనిలో పడేదాన్ని."

"మరి ఏమన్నాడు?"

చెంచులక్ష్మి చాప అంచు పీకుతూ కూర్చుంది.

"దగ్గరికొచ్చి నిలబడినాడు. మెల్లగానే అన్నాడు. 'ఇంకెవరన్నా అయితే నేను అడిగేవాణ్ణే కాదు. నువ్వు చేసినావే చెంచూ, ఎట్ట చేయబుద్ధయింది నీకు?' అన్నాడు. అంతే. ఇంకోమాట అనలా."

షాహనా ఆ మాటల్ని మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకుంది. అలవాటు. మారిపోయాయి. ఏ డిక్షనరీలోనైనా ఆ వాక్యాలకు ఎదురుగా ఉండేది ఒకే మాట. రెప్రిమాండ్ కాదు. స్కోల్డ్ కూడా కాదు.

అధికారం లేనివాడు కూడా అనగలిగిన మాట అది. అది చెబితే అభియోగం నిలవదు. ఉద్యోగం వచ్చేస్తుంది.

సంతోషం కలగాల్సింది. కలగలేదు.

చెంచులక్ష్మి ఇంకా చెబుతోంది. కిందటేడు నాయన పోయినప్పుడు అన్న చిల్లకూరు అవతల తమ ఊరిదాకా వచ్చాడట. మట్టి చేయడం అయ్యేంతవరకు ఎండలో నిలబడ్డాడట. తిరిగి పనిలో చేరిన రోజు తన క్యారియర్‌లో సగం ఆమె గిన్నెలో పెట్టాడట.

"చింతచిగురు రొయ్యలు. నీ చేతి కూరే వదినా. 'మా షాహనా వండింది, ఎవురూ ఇట్ట వండలేరు' అన్నాడు. ఎప్పుడూ నీ మాటే చెప్తాడు. ఇంగ్లీషు పేపరు ఎక్కడా ఆగకుండా చదువుతుందని చెప్తాడు."

చావుకు వెళ్ళిన ఆ రోజు డబుల్ షిఫ్టు పడిందని ఇంటికి ఫోన్ చేశాడు కలీం. షాహనాకు జ్ఞాపకముంది. రాత్రి ఇంటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉంటే, దుమ్ము పడిందన్నాడు. తన కూరను గురించి అతను ఒక్కనాడూ తనతో ఒక్క మాట అనలేదు, బాగుందని గానీ బాగాలేదని గానీ.

"నాకెందుకు చెప్పలేదో నీతో అన్నాడా?" అని అడగబోయి, ఆ పిల్లకు తెలిసే విషయం కాదది అని మానుకుంది. చెంచులక్ష్మి పెట్టిన టీ తాగింది. గ్లాసు తానే కడిగిపెట్టి బయల్దేరింది.

మెట్ల దాకా వచ్చింది చెంచులక్ష్మి. "నేను వచ్చి సాక్ష్యం చెప్తా వదినా. అన్న మంచోడని చెప్తా."

షాహనా ఆమె భుజం తట్టి దిగివచ్చింది.

తిరుగు రైలులో జనం లేరు. కిటికీ అవతల పులికాట్ నీళ్ళు వెనక్కి తగ్గి బురద మేటలు తేలి ఉన్నాయి. దూరంగా ఒక పడవ ఆ బురదలో పక్కకు ఒరిగి ఉంది, దగ్గర్లో మనిషి లేడు. షాహనా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఆ అమ్మాయి మీద అనుమానం రాలేదు ఆమెకు. వదినా అని పిలిచిన గొంతులో దొంగతనం లేదు. అనుమానమైనా వచ్చి ఉంటే కోపం వచ్చేది, కోపం తోడుగా ఉండేది. అనుమానం లేకుండా వచ్చిన ఈ బాధకు ఏం పేరు పెట్టాలో తెలియలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కలీం తన మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు అదృష్టవంతురాలివన్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఎట్ట చేయబుద్ధయింది నీకు అని అతను ఆమెను ఒక్కసారీ అడగలేదు. అడిగేంతగా ఆమె నుంచి ఏమీ ఆశించలేదేమో.

సూళ్లూరుపేట వచ్చింది. దిగింది.

*

ఇంటికి వెళ్ళకుండా నేరుగా దుకాణానికి వెళ్ళింది. హుస్సేన్ సాహెబ్ నమాజుకు వెళ్ళాడు. కలీం నైలాను దారం ఉండలు అరల్లో సర్దుతున్నాడు. ఆమెను చూసి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

తడ వెళ్ళొచ్చానని చెప్పింది. అతని చేతులు ఆగాయి.

"ఎందుకు పోయినావు?"

"మీరు చెప్పలేదు గనుక."

అతను దారం ఉండ అరలో పెట్టాడు. అది దొర్లి కింద పడితే వంగి తీసి మళ్ళీ పెట్టాడు.

షాహనా నిలబడే అంతా చెప్పింది. మీరన్నది రెప్రిమాండ్ కాదు, ఇంగ్లీషులో దానికి రెప్రోచ్ అని వేరే మాట ఉంది, తెలుగులో నిష్ఠూరం అంటాం అంది. నిష్ఠూరమాడడానికి హోదా అక్కర్లేదు, కాబట్టి అధికారం మీరినట్టు కాదు, గురువారం అదే చెబుదాం, ఆ అమ్మాయి కూడా వచ్చి చెబుతుందట అంది.

 వీధిలో ఎవరో ఐసుపెట్టెలు దించుతున్న చప్పుడు.

"నిష్ఠూరం ఎవుర్ని ఆడతారు?" అన్నాడు కలీం.

ఆమె అరలోని దారం ఉండలవైపు చూసింది.

"పద్మనాభయ్య కూడా అదే అడగతాడు. ఆ పిల్ల నీకేమవుతుందని అడగతాడు. ఏం చెప్పాల? చెల్లెలని చెప్తే నమ్ముతారా? రేపు బస్సులో, క్యాంటీన్లో దాని పేరు ఎట్ట నలగతాదో నీకు తెలీదు. తండ్రి లేని పిల్ల. తిట్టినాననే చెప్తా. తిట్టడానికి ఎవురూ ఎవురికీ ఏమీ కానక్కర్లా."

"అది నిజం కాదు గదా."

"కాకపోనీ."

"మందలింపో హెచ్చరికో ఇచ్చి పనిలోకి తీసుకుంటారనుకుందాం. తీసుకోకపోతే?"

"వలలు అమ్ముకుంటా. ఆ పిల్ల దగ్గరికి మళ్ళా పోబాక. వచ్చి సాక్ష్యం చెప్పమని అనబాక."

మాట తెగిపోయింది. ఆమె వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. రైలులోంచి మోసుకొచ్చినదాన్ని ఇక్కడ దించకపోతే ఇక ఎప్పటికీ దించలేదు.

"నన్నెప్పుడూ అట్ట అడగలేదేం మీరు?"

"ఎట్ట?"

"ఆ పిల్లను అడిగినట్టు."

కలీం ఆమె వైపు చూశాడు. ఇన్ని రోజుల తర్వాత నేరుగా చూడడం అదే మొదలు. దీపం ఇంకా వేయలేదు, దుకాణంలో వెలుతురు తగ్గిపోతోంది. అతను కూర్చున్నాడు. ఆమె కోసం జరిపిన స్టూలు మీదే కూర్చున్నాడు.

"అడిగితే నువ్వు ఏం చెప్తావో అని భయం" అన్నాడు. తర్వాత, ఇక ఆపుకోలేనట్టు, గొంతు పెంచకుండానే అన్నాడు. "తిట్టినానని రాయమన్నా. ఆ మాట నీకు సిగ్గయింది. నా మొగుడు తిట్టేవాడా అనుకున్నావు. నన్ను ఒక్క మాట అడగాల్సింది షాహనా. నా నోట్లోంచి వచ్చిన మాట, నన్ను అడక్కుండానే మార్చేసినావే. నువ్వు అట్ట చేస్తావని నేననుకోలా."



సిగ్గే. అతను చెప్పింది నిజం. ఆ రాత్రి పెన్ను ఆగిన చోట ఉన్నది సిగ్గే, ఆమె దాన్ని హుందాతనం అని పిలుచుకుంది. క్షమించమనాలి. కానీ ముందుగా వచ్చింది క్షమాపణ కాదు, ఏడుపు. చలికాలం పొద్దున వేడినీళ్ళు పోసుకున్నట్టు ఒళ్ళంతా సడలిపోతూ వచ్చింది. అతను కంగారుపడి లేచాడు. ఏదో అనకూడనిది అన్నాననుకుని, ఊరుకో, గమ్మున ఉండు, ఎవరన్నా చూస్తారు అంటూ షట్టరు సగం కిందికి లాగాడు.

"ఇంకా ఏమన్నా ఉంటే అనండి" అంది.

"ఇంకేం లేదు."

ఉంది. అతని ముఖంలో ఉంది. కానీ హుస్సేన్ సాహెబ్ దగ్గు వీధిలో వినపడింది. ఇద్దరూ చెరో అర వైపు తిరిగారు.

*

రాసింది నేనే కాబట్టి నేనూ వస్తానని షాహనా ఫోన్ చేస్తే పద్మనాభయ్య ఒప్పుకున్నాడు. గురువారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, మాట్లాడుకున్నది తక్కువ. కంపెనీ గేటు దగ్గర కలీం ఆమె చేతిలోంచి గొడుగు తీసుకుని మడిచి ఇచ్చాడు.

పద్మనాభయ్య గది చిన్నది, తలుపుకు సగం దాకా అద్దం. ఆయన తలనెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. కూర్చోమన్నాడు. సంజాయిషీ కాగితం ముందు పెట్టుకుని, ఈ మాట ఎవరిది అని అడిగాడు.

"నాది సార్" అంది షాహనా. "ఆయన తిట్టానని రాయమన్నారు. నాకు బాగుండదనిపించి పెద్ద మాట రాశాను. కంపెనీలో దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు. ఆయన చెప్పిన మాట స్కోల్డ్."

నోట్లో ఇంకో మాట ఉంది. సరైన మాట. క్లాసులో ఏ పిల్లైనా ఇలా తెలిసి తెలిసి తప్పు జవాబు రాస్తే ఆమె ఊరుకునేది కాదు. మింగేసింది.

పద్మనాభయ్య కలీంను చూశాడు. అవును సార్, తిట్టినాను, తప్పే, ఇక తిట్టను అన్నాడు కలీం.

ఆయన రాసుకున్నాడు. ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది. సూపర్‌వైజర్లు తిట్టడం మంచిది కాదనీ, అయినా ఇది శిక్ష వేసినట్టు కాదు కాబట్టి పైవాళ్ళకు నచ్చజెప్పగలననీ అన్నాడు. ఇక ఆ అమ్మాయి ఒక్క మాట అవునంటే సరిపోతుందని బెల్లు నొక్కాడు.

చెంచులక్ష్మి నీలం కోటులో లోపలికి వచ్చింది. కలీంను చూసింది, షాహనాను చూసింది. ఏం చెప్పాలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమె దగ్గరికి మళ్ళీ పోవద్దన్నది కలీమే.

"ఈయన నిన్ను తిట్టినాడా అమ్మా?"

అన్నను కాపాడడానికి వచ్చిన పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"లేదు సార్. అన్న నన్ను ఎన్నడూ తిట్టలా."

పద్మనాభయ్య పెన్ను మూత పెట్టాడు. కాగితం మీద తాను రాసినదాన్నీ, ఎదురుగా ఉన్న ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఈసారి ఆయన గొంతు మారింది.

"మరి అందరి ముందూ అట్ట ఏడ్చి పోయినావెందుకు? ఏమన్నాడు నిన్ను?"

చెంచులక్ష్మికి అప్పుడు అర్థమయింది, తాను ఏదో పాడు చేసిందని.  షాహనా లేచి నిలబడింది. ఏం చెప్పాలో ఆమె అనుకోలేదు. ఆ పిల్లను ఆ ప్రశ్న ముందు ఒంటరిగా వదలకూడదని మాత్రం అనిపించింది.

మణికట్టు మీద చెయ్యి పడింది. కలీం. పదిమందిలో ఎప్పుడూ ఆమెను తాకని మనిషి, ఆఫీసరు ఎదురుగా ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"నేను చెప్తా సార్" అన్నాడు. "ఆ పిల్లను అడగబాకండి. ఎందుకన్నానో, ఏమన్నానో అంతా చెప్తా. కాకపోతే మా ఇంట్లో ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టండి. ఆమె ముందర నాకు చెప్పడం రాదు."

చెయ్యి వదిలాడు.

షాహనా అతని ముఖంలోకి చూసింది. అతను నేల చూస్తున్నాడు. పద్మనాభయ్య ఇబ్బందిగా తలుపు చూపించాడు.

వరండాలో ఒక ఇనుప బెంచీ ఉంది. దాని మీద కూర్చుంది. తలుపు దానంతటదే మూసుకుంది. షెడ్డులోంచి మిషన్ల రొద ఎడతెగకుండా వస్తోంది. ఎవరో అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వెళుతూ ఈమెను చూసి, ఎవరి కోసం అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయింది.

అద్దంలోంచి లోపల కనిపిస్తోంది. కలీం మాట్లాడుతున్నాడు. చేతులు కదిలిస్తూ, మధ్యలో ఆగి గొంతు సవరించుకుంటూ, మళ్ళీ మొదలుపెడుతూ మాట్లాడుతున్నాడు. పద్మనాభయ్య రాసుకోవడం మానేసి వింటున్నాడు. చెంచులక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కసారి అద్దంవైపు, బెంచీ మీద ఉన్న షాహనా వైపు తిరిగి చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

అతను ఎవరితోనైనా అంతసేపు మాట్లాడడం షాహనా ఎన్నడూ చూడలేదు. ఒక్క మాట కూడా బయటికి వినపడలేదు.